అంధులు వాడలేని షాపింగ్ యాప్: రిస్క్ ఎవరిది, చట్టం ఏమంటోంది?

కర్నూలులో ఉండే మా మామూకి షుగర్ వల్ల చూపు పోయింది. అయినా ఫోన్ మా అందరికంటే బాగా వాడతారు. స్క్రీన్ మీద వేలు జరుపుతూ పోతే ఫోన్ చదివి వినిపిస్తుంది, ఆయన విని నొక్కుతారు. ఇంట్లోకి బియ్యం, నూనె, సబ్బులు, మందులు అన్నీ ఆయనే ఆర్డర్ పెట్టేవారు. చూపు పోయినా ఇంటి సరుకులు చూసుకునేది తనే అన్న ధైర్యం ఆయనకి ఉండేది. గత రంజాన్‌కి ముందు ఆయన వాడే యాప్ ఒకటి అప్‌డేట్ అయింది. ఆ రోజు నుంచి సరుకు బుట్టలో వేసే చోట, డబ్బు కట్టే చోట ఫోన్ "బటన్, బటన్" అనడం తప్ప ఇంకేమీ చెప్పడం లేదు. రెండు రోజులు తంటాలు పడ్డారు. చివరికి పక్కింటి అబ్బాయిని పిలిచి ఫోన్ చేతికిచ్చారు, యూపీఐ పిన్ కూడా చెప్పారు. "ఏం చేయను బేటా, ఇఫ్తార్‌కి ఖర్జూరాలు కావాలి కదా" అన్నారు నాతో.

ఆ అబ్బాయి మంచివాడు కాబట్టి డబ్బు ఎక్కడికీ పోలేదు. కానీ పోయి ఉంటే? యాప్ సరిగ్గా తయారు చేయనిది కంపెనీ, పిన్ చెప్పుకోవాల్సి వచ్చింది మామూకి, నష్టం వస్తే మోయాల్సింది కూడా మామూనే. మన దేశంలో చట్టం మాత్రం ఈ బాధ్యతను కంపెనీ మీదే పెడుతోంది. ఇంట్లో చూపు లేనివారున్న కుటుంబాలకీ, సొంతంగా యాప్ పెట్టి సరుకు అమ్ముకునే మన వ్యాపారులకీ ఈ వివరాలు పనికొస్తాయి.

యాప్ ఎక్కడ ఆగిపోతుంది?

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2.68 కోట్ల మంది దివ్యాంగులు ఉన్నారు. అందులో చూపుకి సంబంధించిన వైకల్యం ఉన్నవారు సుమారు 50 లక్షల మంది. వీరిలో ఫోన్ వాడేవారు స్క్రీన్ రీడర్ మీద ఆధారపడతారు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో దాని పేరు టాక్‌బ్యాక్, ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్. రెండూ ఫోన్‌తో పాటే ఉచితంగా వస్తాయి. టాక్‌బ్యాక్ తెలుగులో కూడా చదువుతుంది.

స్క్రీన్ రీడర్‌కి కళ్లు లేవు. యాప్ రాసినవాళ్లు ప్రతి బటన్‌కీ, ప్రతి బొమ్మకీ వెనక ఒక పేరు రాసి పెడితేనే అది చదవగలదు. పేరు రాయకపోతే "బటన్" అని ఊరుకుంటుంది. షాపింగ్ యాప్‌లలో సాధారణంగా చిక్కులొచ్చే చోట్లు ఇవి:

- బుట్ట, తీసేయి, డబ్బు కట్టు లాంటి బటన్లకు పేరు లేకపోవడం.
- ధర, ఆఫర్, సైజు వివరాలు బొమ్మలో మాత్రమే ఉండటం.
- ఉన్నట్టుండి తెర మీదకి ఆఫర్ పెట్టె వచ్చి, దాన్ని మూసే గుర్తు స్క్రీన్ రీడర్‌కి దొరకకపోవడం.
- వంకర అక్షరాలు చూసి టైప్ చేయమనే క్యాప్చా. వినే సదుపాయం లేకపోతే అంధులకు అక్కడే తలుపు మూసుకుపోతుంది.
- మ్యాప్ మీద పిన్ జరిపి అడ్రస్ పెట్టమనడం, టైప్ చేసే దారి ఇవ్వకపోవడం.
- ఓటీపీకి మరీ తక్కువ సమయం ఇవ్వడం.
- కొద్దిగా చూపు ఉన్నవారికి కనపడనంత లేత రంగు అక్షరాలు. అక్షరానికీ వెనక రంగుకీ మధ్య తేడా కనీసం 4.5:1 ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం డబ్ల్యూసీఏజీ చెబుతోంది.

వీటిలో చాలావరకు పెద్ద ఖర్చు లేకుండా సరిచేసేవే. యాప్ మొదట తయారయ్యేటప్పుడే పేర్లు రాసేస్తే అదనంగా అయ్యేది తక్కువ. అంతా అయిపోయాక విప్పి సరిచేయాలంటేనే ఖర్చు పెరుగుతుంది.

పిన్ చెప్పుకున్నవాడి మీదే నష్టం

ఇది కాస్త అసౌకర్యం, అంతే కదా అనుకునేవాళ్లు ఒక విషయం చూడాలి. రిజర్వ్ బ్యాంక్ 2017 జులైలో ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, ఖాతాదారుకి తెలియకుండా బయటివాళ్ల మోసం వల్ల డబ్బు పోతే, తెలిసిన మూడు పని దినాల్లో బ్యాంకుకి చెబితే ఆయన మీద భారం ఉండదు. కానీ పిన్, పాస్‌వర్డ్ లాంటివి ఇంకొకరికి చెప్పడం ఖాతాదారు నిర్లక్ష్యం కిందికి వస్తుంది. అలాంటప్పుడు బ్యాంకుకి ఫిర్యాదు చేసే క్షణం వరకు పోయిన డబ్బంతా ఆయన నష్టమే.

అంటే యాప్ పని చేయక పిన్ చెప్పుకున్న అంధుడు బ్యాంకు లెక్కలో నిర్లక్ష్యం చేసిన మనిషి అవుతాడు. డబ్బు సంగతి పక్కన పెట్టినా, ఏ మందులు వాడుతున్నాడో, ఇంట్లో ఆడవాళ్లకు ఏం కొంటున్నాడో పరాయివాళ్లకు తెలిసిపోతుంది.

2016 చట్టంలో ఏముంది?

ముఖ్యమైనది దివ్యాంగుల హక్కుల చట్టం, 2016. ఇది 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. షాపింగ్ యాప్‌లకు సంబంధించిన భాగాలు ఇవి:

సెక్షన్ 3: వైకల్యం కారణంగా ఎవరి మీదా వివక్ష చూపకూడదు.

సెక్షన్ 40: భవనాలు, రవాణా, సమాచార సాంకేతికత అందరూ వాడగలిగేలా ఉండటానికి కేంద్రం నిబంధనలు చేయాలి.

సెక్షన్ 46: సేవలు అందించేవారు, ప్రభుత్వమైనా ప్రైవేటు అయినా, ఆ నిబంధనల ప్రకారమే సేవలు అందించాలి. నిబంధనలు వచ్చిన నాటి నుంచి రెండేళ్ల గడువు. ప్రైవేటు కంపెనీలకు ఈ చట్టంతో పనిలేదు అనే మాట నిలబడనిది ఇందుకే.

సెక్షన్ 89: చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి రూ.10,000 వరకు జరిమానా. మళ్లీ చేస్తే రూ.50,000 నుంచి రూ.5 లక్షల వరకు.

సెక్షన్ 90: తప్పు కంపెనీదైతే, ఆ సమయంలో కంపెనీ వ్యవహారాలకు బాధ్యుడిగా ఉన్న మనిషి కూడా దోషి అవుతాడు. తనకు తెలియకుండా జరిగిందనో, ఆపడానికి తగిన జాగ్రత్త తీసుకున్నాననో నిరూపించుకుంటే తప్ప.

సెక్షన్ 93: చట్టం ప్రకారం ఇవ్వాల్సిన సమాచారం, పత్రాలు ఇవ్వకపోతే ఒక్కో తప్పుకి రూ.25,000 వరకు జరిమానా, అయినా ఇవ్వకపోతే రోజుకి రూ.1,000 వరకు అదనం.

ఇక ప్రమాణం సంగతి. భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 17802 పేరుతో వెబ్‌సైట్లు, యాప్‌లు ఎలా ఉండాలో రెండు భాగాలుగా ఇచ్చింది, 2021లో ఒకటి, 2022లో ఒకటి. 2023 మే నెలలో కేంద్రం దీన్ని దివ్యాంగుల హక్కుల నిబంధనల్లో చేర్చింది.

సుప్రీంకోర్టు రెండు తీర్పులు

మొదటిది రాజీవ్ రతూరి కేసు. దృష్టి లోపం ఉన్న రతూరి 2005లో వేసిన పిటిషన్ ఇది. దేశంలో పరిస్థితి ఎలా ఉందో చూసి చెప్పమని సుప్రీంకోర్టు మన హైదరాబాద్‌లోని నల్సార్ లా యూనివర్సిటీ వైకల్య అధ్యయన కేంద్రానికి పని అప్పగించింది. నల్సార్ ఇచ్చిన నివేదిక ఈ తీర్పులో కీలకమైంది. 2024 నవంబర్ 8న కోర్టు ఒక మాట తేల్చేసింది. చట్టం "తప్పనిసరి" అంటుంటే, 2017 నిబంధనల్లోని రూల్ 15 మాత్రం సలహా ఇచ్చినట్టు ఉంది, అది చట్టానికి విరుద్ధం అని. ఆ రూల్‌లోని ఒకటో భాగాన్ని కొట్టేసి, కనీసం ఇవైనా ఉండి తీరాలి అనే తప్పనిసరి నిబంధనలు మూడు నెలల్లో చేయమని కేంద్రానికి చెప్పింది.

పాత రూల్ పోయింది కాబట్టి మా మీద ఏ నిబంధనా లేదు అని కంపెనీలు వాదించే వీలు ఇక్కడ ఉంది. కానీ కోర్టు ఆ రూల్‌ని కొట్టేసింది కంపెనీలను వదిలేయడానికి కాదు, ఇంకా గట్టిగా పట్టుకోవడానికి. చట్టంలోని సెక్షన్లు అలాగే ఉన్నాయి.

రెండోది ప్రజ్ఞా ప్రసూన్ కేసు, 2025 ఏప్రిల్ 30. యాసిడ్ దాడి బాధితులు, అంధుడైన లాయర్ అమర్ జైన్ వేసిన పిటిషన్ల మీద వచ్చిన తీర్పు. బ్యాంకు ఖాతాకో సిమ్ కార్డుకో ఈ-కేవైసీ చేసేటప్పుడు కళ్లు ఆర్పమని, సెల్ఫీ ఫ్రేమ్‌లో సరిగ్గా పెట్టమని అడుగుతారు. చూపు లేనివారు, ముఖం కాలినవారు అది ఎలా చేయగలరు? డిజిటల్ సేవలను అందుకోవడం రాజ్యాంగంలోని ఆర్టికల్ 21, అంటే జీవించే హక్కులో భాగమేనని కోర్టు చెప్పింది. మొత్తం 20 ఆదేశాలు ఇచ్చింది. ఈ కేసు షాపింగ్ గురించి కాదు. కానీ వాలెట్‌కి, "తర్వాత కట్టండి" ఖాతాకి కేవైసీ అడిగే షాపింగ్ యాప్‌లకు ఇది దగ్గరి విషయమే.

ప్రైవేటు యాప్‌ల మీద ఇప్పటివరకు

డాక్టర్ అపాయింట్‌మెంట్లు ఇచ్చే ప్రాక్టో యాప్ మీద అంధుడైన లాయర్ రాహుల్ బజాజ్ దివ్యాంగుల చీఫ్ కమిషనర్‌కి ఫిర్యాదు చేశారు. 2022లో వచ్చిన ఆదేశం సెక్షన్ 46 ప్రైవేటు యాప్‌కి కూడా వర్తిస్తుందని చెప్పి, యాప్‌ని సరిచేయమంది. 2025లో సరుకులు, భోజనం తెచ్చే స్విగ్గీ, జెప్టో యాప్‌లు అంధులకు పనికిరావడం లేదని ఢిల్లీ హైకోర్టులో పిటిషన్ పడింది, కోర్టు నోటీసులు ఇచ్చింది. నోటీసు అంటే తప్పు రుజువైనట్టు కాదు, జవాబు చెప్పమన్నట్టు. అదే ఏడాది, డిజిటల్ యాక్సెసిబిలిటీ విషయంలో తగిన ఆడిట్ చేయించుకోలేదని చీఫ్ కమిషనర్ 155 ప్రభుత్వ, ప్రైవేటు సంస్థలకు రూ.10,000 చొప్పున జరిమానా వేశారు.

పెద్ద కంపెనీకి రూ.10,000 ఓ లెక్కా అని మీరు అడగవచ్చు. కామర్స్ చదివినవాడిగా నా జవాబు: ఆ పదివేలు అసలు ఖర్చు కాదు. రెండోసారి జరిమానా పెరగడం, లాయర్ల ఫీజులు, గడువు పెట్టి యాప్‌ని తిరిగి రాయించడం, కస్టమర్లు పోవడం, పేపర్లో పేరు రావడం, ఇవన్నీ కలిపితే వచ్చేదే అసలు బిల్లు.

వినియోగదారుల చట్టం, ప్యాకెట్ మీది వివరాలు

2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020లో ఈ-కామర్స్ నిబంధనలు వచ్చాయి. ప్రతి ఈ-కామర్స్ సంస్థా ఫిర్యాదుల అధికారిని పెట్టాలి. ఆయన 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. 2023 నవంబర్‌లో వచ్చిన డార్క్ ప్యాటర్న్ మార్గదర్శకాలు, అడగని వస్తువునో చందానో బుట్టలో దూర్చడం లాంటి 13 రకాల మాయలను నిషేధించాయి. చూపున్నవాడు ఆ టిక్ గుర్తు చూసి తీసేస్తాడు. స్క్రీన్ రీడర్ దాన్ని చదవకపోతే అంధుడికి బిల్లు వచ్చాకే తెలుస్తుంది.

ప్యాకెట్ సరుకుల నిబంధనల ప్రకారం తయారీదారు పేరు, ఏ దేశంలో తయారైంది, నికర బరువు, ఎంఆర్‌పీ లాంటివి కొనేముందే యాప్‌లో కనిపించాలి. చాలాచోట్ల ఇవి ప్యాకెట్ వెనక భాగం ఫొటోగా పెట్టేస్తారు. ఫొటోలోని అక్షరాలు పక్కన టైప్ చేసి లేకపోతే స్క్రీన్ రీడర్‌ని నమ్ముకోలేం.

మన ఇళ్లకు ఇది ఇంకా దగ్గరి విషయం. శాకాహారానికి ఆకుపచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమ రంగు త్రిభుజం గుర్తు, రెండూ బొమ్మలే. బిస్కెట్‌లోనో జెల్లీలోనో జెలటిన్ ఉందా, 471 నంబర్ ఎమల్సిఫైయర్ ఉంటే అది మొక్కలదా జంతువులదా అని పదార్థాల జాబితా చూసుకుని కొనే అలవాటు మన అమ్మీలకు ఉంది. చూపు లేని తల్లి పిల్లలకు ఏదైనా కొనాలంటే ఆ జాబితా వినపడాలి. వినపడకపోతే హలాలో కాదో తేల్చుకునే పని కూడా ఆమె చేతిలోంచి పోతుంది. షుగర్ ఉన్నవారికీ, వేరుశెనగ పడనివారికీ అదే ఇబ్బంది.

అమెరికా, యూరప్‌లో

అమెరికాలో టార్గెట్ అనే స్టోర్ల కంపెనీ వెబ్‌సైట్ మీద నేషనల్ ఫెడరేషన్ ఆఫ్ ది బ్లైండ్ 2006లో కేసు వేసింది. 2008లో కంపెనీ 60 లక్షల డాలర్ల పరిహార నిధికి ఒప్పుకుని రాజీ పడింది. తర్వాత గిల్లెర్మో రోబ్లెస్ అనే అంధుడు డామినోస్ యాప్‌లో పిజ్జా ఆర్డర్ పెట్టలేకపోయానని కోర్టుకెక్కారు. అమెరికా దివ్యాంగుల చట్టం యాప్‌కి కూడా వర్తిస్తుందని 2019లో అప్పీలు కోర్టు చెప్పింది. డామినోస్ సుప్రీంకోర్టుకు వెళ్లినా, ఆ కోర్టు కేసు తీసుకోలేదు. కాలిఫోర్నియా రాష్ట్ర చట్టంలో ఇలాంటి ఉల్లంఘనకు కనీస పరిహారం 4,000 డాలర్లు.

యూరప్‌లో 2025 జూన్ 28 నుంచి యాక్సెసిబిలిటీ చట్టం ఆన్‌లైన్ అమ్మకాలకు వర్తిస్తోంది. పది మంది కంటే తక్కువ సిబ్బంది, ఏడాదికి 20 లక్షల యూరోలకు మించని వ్యాపారం ఉన్న చిన్న సేవా సంస్థలకు మినహాయింపు ఉంది. హైదరాబాద్ నుంచి అత్తరో, గాజులో, బట్టలో సొంత సైట్ మీద అక్కడి కస్టమర్లకు అమ్మేవారు ఈ విషయం తెలుసుకుని ఉండాలి.

యాప్ ఉన్న వ్యాపారి చేయాల్సినవి

1. ఫోన్‌లో టాక్‌బ్యాక్ ఆన్ చేయండి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద ఉంటుంది. కుడివైపు వేలు జరిపితే తర్వాతి అంశానికి వెళుతుంది, రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. కళ్లు మూసుకుని మీ యాప్‌లో ఒక కిలో చక్కెర ఆర్డర్ పెట్టి చూడండి. ఎక్కడ ఆగిపోయారో అదే మీ మొదటి లోపం.
2. గూగుల్ యాక్సెసిబిలిటీ స్కానర్ యాప్ ఉచితం. పేరు లేని బటన్లు, లేత రంగులు అది చూపిస్తుంది. అయితే అన్ని లోపాలూ దానికి దొరకవు, అంధులైన ఒకరిద్దరికి డబ్బిచ్చి పరీక్ష చేయించడం మేలు.
3. డెవలపర్‌తో రాసుకునే ఒప్పందంలో "ఐఎస్ 17802, డబ్ల్యూసీఏజీ ఏఏ స్థాయి ప్రకారం ఉండాలి, లోపం ఉంటే ఉచితంగా సరిచేయాలి" అని రాయించండి. ప్రతి అప్‌డేట్‌కీ వర్తిస్తుందని కూడా రాయించండి. మామూ విషయంలో చెడింది అప్‌డేట్‌తోనే.
4. ఫిర్యాదు చేయడానికి ఫోన్ నంబర్ ఇవ్వండి. ఫిర్యాదు ఫారమే అంధులకు తెరుచుకోకపోతే ఇక లాభమేముంది?
5. పరీక్షల రిపోర్టులు, చేసిన మార్పులు తేదీలతో దాచుకోండి. రేపు ఎవరైనా అడిగితే తగిన జాగ్రత్త తీసుకున్నామని చూపించడానికి అవే ఆధారం.

వాడలేకపోయినవారు చేయాల్సినవి

1. ముందు ఆధారం. స్క్రీన్ రీడర్ ఆన్ చేసి, అది మాట్లాడేది వినపడేలా స్క్రీన్ రికార్డింగ్ తీసుకోండి. తేదీ, యాప్ వెర్షన్, ఫోన్ మోడల్ రాసి పెట్టుకోండి. రికార్డింగ్‌లో పిన్, ఓటీపీ రాకుండా చూసుకోండి.
2. కంపెనీ ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్ పెట్టండి. యాప్ పని చేయడం లేదని ఊరుకోకుండా, ఏ పేజీలో ఏ బటన్ చదవడం లేదో రాయండి. 48 గంటలు, నెల రోజులు అనే గడువులు గుర్తు చేయండి.
3. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి ఈ-జాగృతి పోర్టల్ ద్వారా వెళ్లవచ్చు. కొన్నదాని విలువ రూ.5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు.
4. వివక్ష విషయంలో దివ్యాంగుల చీఫ్ కమిషనర్‌కి గానీ, రాష్ట్ర కమిషనర్‌కి గానీ ఫిర్యాదు చేయవచ్చు. మీ పేరు, అడ్రస్, కంపెనీ వివరాలు, జరిగిన సంగతి, ఆధారాలు, మీకు ఏం కావాలి, ఇవి రాస్తే చాలు. చీఫ్ కమిషనర్‌కి ఈమెయిల్‌లో కూడా పంపవచ్చు. కమిషనర్‌కి సాక్షులను పిలిపించే, పత్రాలు తెప్పించే సివిల్ కోర్టు అధికారాలు ఉన్నాయి. అయితే చివరికి ఇచ్చేది సిఫార్సు రూపంలో ఉంటుంది, కోర్టు డిక్రీ లాంటిది కాదు. కంపెనీ మొండికేస్తే హైకోర్టు దారి ఉంది.
5. పిన్ ఎవరికైనా చెప్పాల్సి వచ్చి ఉంటే ఈ రోజే మార్చేయండి. డబ్బు పోయిందని అనుమానం వస్తే వెంటనే బ్యాంకుకి, సైబర్ హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి. ఎంత ఆలస్యమైతే అంత నష్టం మీదే.

ఇంట్లో పిల్లలకు ఒక మాట. "ఇవ్వండి, నేను పెట్టేస్తాను" అని పెద్దవాళ్ల చేతిలోంచి ఫోన్ తీసుకోవడం తేలిక. దాని బదులు పక్కన కూర్చుని ఆ రికార్డింగ్ తీసి, ఆ మెయిల్ రాసి పెట్టండి. మేము మామూ కోసం అదే చేశాం. మూడు వారాలకు యాప్ మళ్లీ అప్‌డేట్ అయింది. డబ్బు కట్టే బటన్ ఇప్పుడు తన పేరు చెబుతోంది, బుట్టలోంచి తీసేసే బటన్ ఇంకా చెప్పడం లేదు. రెండో మెయిల్ మామూనే మాట్లాడి టైప్ చేయించారు. పిన్ మాత్రం ఆ రోజే మార్చేశారు. కొత్తది మాకెవ్వరికీ చెప్పలేదు.